తెర మీద సిపాయి, మా ఇంటి సిపాయి

పోయిన నెల ఊరగాయల కబుర్లు చెప్పుకున్నాం. ఈ నెల కాస్త బరువైన మాట. రాయాలా వద్దా అని రెండు వారాలు ఊగిసలాడాను. మా తెలుక్ ఇంటాన్ గడియార స్తంభం 1885 నుంచి ఒక పక్కకు ఒరిగి కూడా పడిపోకుండా నిలబడి ఉంది కదా, నేనూ నిలబడతానులే అని ధైర్యం తెచ్చుకుని మొదలుపెట్టాను.

విషయం ఇదీ. ఒక ఆదివారం సాయంత్రం ఇంటిల్లిపాదీ కూర్చుని 'అమరన్' మళ్లీ చూశాం. 2024 దీపావళికి వచ్చిన సినిమా, మీలో చాలామంది చూసే ఉంటారు. 2014లో కశ్మీర్‌లోని షోపియాన్‌లో ప్రాణాలిచ్చిన మేజర్ ముకుంద్ వరదరాజన్ కథ. ఆయన భార్య ఇందు పాత్రలో సాయిపల్లవిని చూస్తుంటే నాకు కళ్లు ఆగలేదు. మా అత్తయ్య కూడా కొంగుతో కళ్లొత్తుకున్నారు. సినిమా అయిపోయాక మా అమ్మాయి టీవీ కట్టేసి, చాలా మామూలుగా, "అమ్మా, నేను నేవీకి అప్లై చేస్తాను" అంది.

ఎస్పీఎం పరీక్షలు రాసి ఇంట్లో ఉంది. స్కూల్లో నేవీ కేడెట్. శనివారాలు తెల్ల యూనిఫాం ఇస్త్రీ చేసుకుని వెళుతుంటే ఫోటోలు తీసి విజయనగరంలో ఉన్న మా అమ్మకు పంపింది నేనే. "మా మనవరాలు మిలిటరీ" అని మా అమ్మ వీధంతా చెప్పుకుంటే మురిసిపోయిందీ నేనే. ఇప్పుడు మాత్రం నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "నీకేం పిచ్చా?"

గది నిశ్శబ్దమైపోయింది. అప్పుడు మా అత్తయ్య, ఆవిడకు ఎనభై దాటాయి, మెల్లగా అన్నారు. "ఏటే కోడలా, టీవీలో సిపాయిని చూసి ఏడుస్తావు, దండం పెడతావు. ఇంట్లోంచి సిపాయి లేస్తే మాత్రం పిచ్చంటావేటి?"

ఆ మాటకు ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నాకు గుర్తున్న సైనికుల సినిమాలన్నీ మనసులో తిరిగాయి. 'కంచె'లో రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్లిన హరిబాబు. 'ఘాజీ'లో 1971 నాటి విశాఖ సముద్రం కింద ఊపిరి బిగపట్టిన నావికులు. 'సరిలేరు నీకెవ్వరు'లో మేజర్‌గా మహేశ్‌బాబు, కొడుకును సైన్యానికిచ్చిన తల్లిగా విజయశాంతి. 'సీతారామం'లో రామ్. 2008లో ముంబయి తాజ్ హోటల్లో చనిపోయిన సందీప్ ఉన్నికృష్ణన్ కథతో వచ్చిన 'మేజర్'. అన్నీ ఇష్టంగా చూసినవే. కొన్ని రెండుసార్లు చూశాను.

ఆలోచిస్తే ఒకటి తోచింది. చాలా సినిమాల్లో సిపాయికి రెండే పనులు: చంపడం, చావడం. అతని తల్లికీ భార్యకీ రెండే పనులు: దీవించి పంపడం, శవపేటిక వచ్చాక ఏడవడం. మధ్యలో ఉండే ఇరవై ఏళ్ల ఉద్యోగం ఎక్కడా కనబడదు. సెలవు దొరకని పండగలు, క్వార్టర్స్ మారిన ప్రతిసారీ పిల్లల స్కూళ్లు, జీతం, మోకాళ్ల నొప్పులు, పై అధికారి కోపం, ఇవేవీ పాటలకూ ఫైట్లకూ పనికిరావు. 'అమరన్' కొంత నయం. కథ చాలా మటుకు ఆ ఇల్లాలి కళ్లతోనే నడుస్తుంది. ఫోన్ పట్టుకుని ఎదురుచూసే రాత్రులు కూడా సైనికుడి జీవితంలో భాగమేనని చూపించారు. అందుకే కాబోలు అంత ఏడ్చాను.

మనకు తెలిసిన సైనికులంతా తెర మీద వాళ్లే కావడంతో, మన పిల్ల ఆ మాట అనగానే కళ్ల ముందుకు శవపేటికే వచ్చింది. గర్వపడాలన్నా భయపడాలన్నా సినిమానే చూసి నేర్చుకున్నాను.

అలాగని భయం ఒట్టిదనీ అనను. 2020 జూన్ 15న గాల్వాన్‌లో సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబు పోయినప్పుడు ఇక్కడ మేమంతా టీవీల ముందు కూర్చుని కుమిలిపోయాం. ఇంకా దగ్గర సంగతి చెబుతాను. మా ఊరి నుంచి లుముట్ నేవీ స్థావరం ఎంతో దూరం కాదు. 2024 ఏప్రిల్ 23న అక్కడ నేవీ వార్షికోత్సవ పెరేడ్ కోసం రిహార్సల్ చేస్తుంటే రెండు హెలికాప్టర్లు గాలిలో ఢీకొన్నాయి. పదిమంది చనిపోయారు. యుద్ధం లేదు, శత్రువు లేడు. పొద్దున్నే టిఫిన్ తిని డ్యూటీకి వెళ్లిన మనుషులు. అలాంటి చావు మీద ఎవరూ సినిమా తీయరు. ఆ తల్లులకు మాత్రం అదీ చావే.

మర్నాడు మా అమ్మాయితో ఇదే అన్నాను. అది వాదించలేదు. ఒక ప్రశ్న వేసింది. "అమ్మా, నేను ఇండియన్ ఆర్మీలో చేరతానంటే నీకు ఇంకొంచెం గర్వంగా ఉండేదా?"

చెంప మీద కొట్టినట్టయింది. నాది ఇప్పటికీ ఎర్ర కార్డు, శాశ్వత నివాసిని మాత్రమే. నా కూతురిది నీలం కార్డు, పుట్టుకతోనే ఈ దేశ పౌరురాలు. నేను ఇన్నేళ్లుగా చప్పట్లు కొట్టినవన్నీ మువ్వన్నెల జెండా కోసం పోరాడినవాళ్లకే. తను రోజూ స్కూల్లో పాడింది 'నెగరాకు'. ఇక్కడి సైనికుల గురించి నాకేం తెలుసు? 'మల్‌బట్: మిసి బకారా' అని 2023లో ఒక మలయ్ సినిమా వచ్చింది. 1993 అక్టోబరులో సోమాలియా రాజధాని మొగడిషులో చిక్కుకుపోయిన అమెరికా సైనికులను బయటకు తేవడానికి మలేసియా సైనికులు తమ కవచ వాహనాలతో వెళ్లిన కథ. అదే ఘటన మీద హాలీవుడ్ 2001లో తీసిన 'బ్లాక్ హాక్ డౌన్'లో వీళ్ల ఊసే దాదాపు లేదు. ఆ సినిమా చూసి వచ్చి మా అమ్మాయి వారం రోజులు మాట్లాడింది. నేను వంట చేసుకుంటూ ఊఁ కొట్టాను.

ఆ మధ్యాహ్నం అత్తయ్య ఒక కథ చెప్పారు. ఆవిడ పుట్టిపెరిగింది బగాన్ డాతో కొబ్బరి తోటల్లో. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి ఓడలెక్కి వచ్చిన మనవాళ్లు చాలామంది చేరిన చోటు అది. యుద్ధం వచ్చేసరికి ఆవిడ చంటిపిల్ల. వాళ్లమ్మ చెప్పిన కథలివి.

1941 డిసెంబరు 8న జపాన్ సైన్యం కోట బారు దగ్గర దిగింది. డిసెంబరు చివర మా పెరాక్‌లోని కంపార్ దగ్గర 11వ ఇండియన్ డివిజన్ నాలుగు రోజులు వాళ్లను గట్టిగా అడ్డుకుంది. అప్పుడు జపాన్ వాళ్లు పడవల మీద సముద్రం వెంట వచ్చి మా ఊరి వైపు దిగారు. అప్పటికి దీని పేరు తెలుక్ ఆన్సన్. వెనక దారి మూసుకుపోతుందని కంపార్‌ను వదలక తప్పలేదు. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ కూడా పడిపోయింది. ఎవరి కోసమో పోరాడడానికి ఇంత దూరం వచ్చిన పంజాబీ, గూర్ఖా కుర్రవాళ్లు ఎంతమంది ఈ నేలలోనే ఉండిపోయారో తైపింగ్ యుద్ధ శ్మశానంలో చూడొచ్చు. పేరు లేని రాళ్లు అక్కడ వందల్లో ఉన్నాయి.

ఆ తర్వాత జపాన్ వాళ్లు సయాం నుంచి బర్మాకు రైలు మార్గం వేయడానికి తోటల్లోని మగవాళ్లను పట్టుకుపోయారు. 415 కిలోమీటర్ల దారి. అత్తయ్య చిన్నాన్న అలా వెళ్లినవాడే. తిరిగి రాలేదు. కలరానా, ఆకలా, దెబ్బలా ఎవరికీ తెలియదు. ఆ రైలు మీద తీసిన 'ది బ్రిడ్జ్ ఆన్ ద రివర్ క్వాయ్' ఏడు ఆస్కార్లు తెచ్చుకుంది. అందులో కథ ప్రధానంగా బ్రిటిష్ సైనికులదే. నిజంగా అక్కడ పనిచేసి చచ్చిపోయినవాళ్లలో మన తమిళ, తెలుగు కూలీలూ బర్మా, జావా మనుషులూ ఆ సైనికుల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. కాంచనబురిలో దాదాపు 7,000 మంది యుద్ధ ఖైదీలకు పేర్లతో సమాధులున్నాయి. మా చిన్న తాతయ్యకు మా ఇంట్లో ఒక ఫోటో కూడా లేదు.

అదే లైను ఇళ్లలోంచి ఇంకో అమ్మాయి యూనిఫాం వేసుకుని వెళ్లిందట. 1943లో సుభాష్ చంద్రబోస్ సింగపూర్ వచ్చి ఝాన్సీ రాణి రెజిమెంట్ పెట్టారు. కెప్టెన్ లక్ష్మి దానికి నాయకురాలు. ఇండియాను ఎప్పుడూ చూడని తోటల పిల్లలు ఎందరో ఆ దేశం కోసం తుపాకీ పట్టుకున్నారు. ఇపోలో ఉన్న రాసమ్మ తన అక్కతో కలిసి చేరారు. రాసమ్మ భూపాలన్ తర్వాత టీచరై, మహిళా టీచర్లకు సమాన జీతం కోసం ఈ దేశంలో పోరాడారు. కౌలాలంపూర్‌కు చెందిన జానకి ఆది నాహప్పన్‌కు ఇండియా ప్రభుత్వం 2000లో పద్మశ్రీ ఇచ్చింది. పెద్దింటి పిల్లల పేర్లు ఇలా చరిత్రకెక్కాయి. తోటల పిల్లలు 1945లో తిరిగొచ్చి మళ్లీ రబ్బరు చెట్లు గీశారు, కొబ్బరికాయలు ఒలిచారు.

"దేశభక్తితో చేరిందా అత్తయ్యా, ఆ అమ్మాయి?" అని అడిగాను.

"భక్తీ ఉంది, ఆకలీ ఉంది. ఇంట్లో ఉంటే ఏటుంది? చేరితే అన్నం పెడతారు, పేరు పెట్టి పిలుస్తారు" అన్నారు.

ఒక కొంపలోంచి మనిషిని రైలు పనికి ఈడ్చుకుపోయింది జపాన్ వాళ్లు. పక్క కొంపలోని అమ్మాయి చేరిన సైన్యం ఆ జపాన్ వాళ్ల పక్కనే నిలబడి పోరాడింది. రెండిళ్ల వాళ్లూ తర్వాత ఒకే బావి దగ్గర నీళ్లు తోడుకున్నారు. ఎవరు దేశభక్తులు, ఎవరు కాదు అని తేల్చడానికి సినిమాకు రెండున్నర గంటలు చాలేమో కానీ, ఆ బావి దగ్గర ఆడవాళ్లకు అంత తేలిగ్గా తేలి ఉండదు. వాళ్లు ఒకరినొకరు తిట్టుకోలేదని మాత్రం అత్తయ్య చెప్పారు.

ఆ తర్వాత నేను చేసింది ఒక్కటే మంచి పని. మా వీధి చివర ఒక తమిళ కుటుంబం ఉంది. వాళ్లబ్బాయి ఆర్మీలో చేరి తొమ్మిదేళ్లయింది. ఇన్నేళ్లలో దీపావళికి పలహారాలు పంచుకున్నాం కానీ ఆ పిల్లవాడి ఉద్యోగం గురించి ఒక్కనాడూ అడగలేదు. ఈసారి వెళ్లి అడిగాను. ఆ అక్క రెండు గంటలు చెప్పారు. మొదటి మూడు నెలలూ కొడుకు గొంతు వినపడక ఎలా ఉన్నారో. సబా అడవుల్లో పోస్టింగ్ వేస్తే మ్యాప్ తెచ్చి వంటింట్లో అంటించుకోవడం. తొమ్మిది దీపావళుల్లో వాడు ఇంట్లో ఉన్నవి నాలుగు. వాడి యూనిట్‌లో మన పిల్లలు ఒకరిద్దరే కావడం, ఐనా రంజాన్‌కు వీడు డ్యూటీ చేస్తే దీపావళికి మలయ్ స్నేహితులు చేయడం. "ఆగస్టు 31న అందరూ జెండాలు పట్టుకుంటారు. మా వాడు ఎలా ఉన్నాడని ఎవరూ అడగరు. నువ్వే మొదటిదానివి" అన్నారు. సిగ్గుతో తల వంచుకున్నాను.

ఇంటికొచ్చి మా అమ్మాయిని కూర్చోబెట్టుకుని సినిమా ప్రశ్నలు కాకుండా అసలు ప్రశ్నలు అడిగాను. ఎన్నేళ్ల ఒప్పందం? మధ్యలో చదువుకోనిస్తారా? ఓడ మీద ఆడపిల్లలకు గదులెలా ఉంటాయి? ఎవరైనా తప్పుగా ప్రవర్తిస్తే ఎవరికి చెప్పుకోవాలి? వద్దనిపిస్తే బయటకు రావడం ఎలా? సగం వాటికి జవాబు తెలుసు. మిగతావి కనుక్కుని వస్తానని కాగితం మీద రాసుకుంది. చివరికి, "నేను చెప్పిన పని ఒక్కసారికే చేయనిదానివి, వాళ్ల ఆర్డర్లు ఎలా వింటావే?" అన్నాను. "వాళ్లు నీలా మూడుసార్లు చెప్పరమ్మా" అంది. మా ఆయనతో సహా అందరం నవ్వాం. చాలా రోజుల తర్వాత.

అప్లికేషన్ పెట్టుకోమన్నాను. సంతోషంగా అన్నానని అబద్ధం చెప్పను. రాత్రిపూట హెలికాప్టర్ చప్పుడు వినిపిస్తే ఇప్పటికీ లేచి కూర్చుంటున్నాను. ఎంపిక కాకపోతే బాగుండునని ఒక మనసు, కాకపోతే పిల్ల ఏమైపోతుందోనని ఇంకో మనసు. కానీ ఎవరో కన్న పిల్లలకు చప్పట్లు కొట్టి, నేను కన్న పిల్లకు తలుపు వేసేస్తే, ఇన్నాళ్లూ కొట్టిన చప్పట్లకు అర్థం ఏముంటుంది?

మీలో ఎవరి పిల్లలైనా, అల్లుళ్లు, కోడళ్లైనా మీరున్న దేశపు సైన్యంలో ఉంటే నాకు రాయండి. వాళ్ల ధైర్యసాహసాల సంగతి తర్వాత. సెలవులు ఎప్పుడిస్తారో, పార్సిల్‌లో ఏం పచ్చడి పంపితే పాడవకుండా చేరుతుందో ముందు చెప్పండి. ఆ లెక్కన చూస్తే పోయిన నెల ఊరగాయల కబుర్లు వృథా పోలేదు.

వచ్చే నెల కలుద్దాం.