ఒక్కడివే వెళ్ళావా? అయ్యో!

జపాన్ నుంచి వచ్చి నెల కావస్తోంది. ఆఫీసులో ఒక్కరంటే ఒక్కరు "ఏం చూశావు?" అని అడిగిన పాపాన పోలేదు. అందరిదీ ఒకటే ప్రశ్న: "ఒక్కడివే వెళ్ళావా?" దాని వెనకే ఓ "అయ్యో!" ఆస్పత్రిలో చేరినవాణ్ణి పలకరించినట్టు!

అంత జాలి పడాల్సిందేముందో, ఒక్కరోజు సంగతి చెప్తా, మీరే చూడండి.

క్యోటోలో పొద్దున ఆరింటికల్లా ఫుషిమి ఇనారి కొండెక్కడం మొదలుపెట్టా. టిక్కెట్టు లేదు, రాత్రిళ్ళు మూసేదీ లేదు. దారి పొడుగునా సిందూరం రంగు తోరణాలు, వేలల్లో. ఎక్కేటప్పుడు తెలియదుగానీ, దిగుతూ చూస్తే ప్రతి స్తంభం మీదా దాని ఖర్చు పెట్టుకున్నవాళ్ళ పేరు, తేదీ! మన గుళ్ళో ట్యూబులైటు మీద దాత పేరు రాయించుకున్నట్టే అన్నమాట. ఓ మెట్టు మీద కూర్చుని తీరిగ్గా నవ్వుకున్నా. "పదరా, లేటవుతోంది" అనేవాడు లేడు మరి.

మధ్యాహ్నం కింకకుజి, బంగారు రేకుల గుడి. 1950లో ఓ కుర్ర సన్యాసి తగలబెట్టేస్తే 1955లో మళ్ళీ కట్టారు. అక్కడ మనవాళ్ళ టూరు బృందం తగిలింది.

"ఫ్యామిలీ రాలేదా బాబూ?"

"ఇంకా పెళ్ళి కాలేదండీ."

"అయ్యో, ఫ్రెండ్సు కూడా లేరా?"

నేను జవాబు చెప్పేలోపు జెండా పట్టుకున్న గైడు కేకేశాడు. గుంపంతా బస్సు వైపు పరుగో పరుగు. ఆరు రోజుల్లో అయిదు ఊళ్ళట! ఎవర్ని చూసి ఎవరు అయ్యో అనాలి మహాప్రభో?

రాత్రికి ఒసాకాలో బస. మొట్టమొదటి క్యాప్సూల్ హోటలు 1979లో ఈ ఊళ్ళోనే పుట్టింది. ఇంచుమించు మీటరు వెడల్పు, రెండు మీటర్ల పొడవు అర. బూట్లకో లాకరు, సామానుకో లాకరు, కింద వేణ్ణీళ్ళ స్నానం. ఫొటో చూసి "మార్చురీలా ఉందిరా" అన్నాడు మా టీములో ఒకడు. ఒరే, అమీర్‌పేట హాస్టల్లో గదికి ఆరుగురు పడుకున్న రోజులు మర్చిపోయావా?

ఇక అసలు నేరం. నిలబడి తాగే చిన్న కొట్లుంటాయి, తాచినోమి అంటారు. ఒక బీరు, ఉడకబెట్టిన పచ్చి సోయా కాయలు. పక్కన సూటు వేసుకున్న ఓ పెద్దాయన, ఆయనా ఒక్కడే. గ్లాసు ఖాళీ చేసి, డబ్బులిచ్చి వెళ్ళిపోయాడు. ఎవరూ ఎవర్నీ జాలిగా చూడలేదు. ఒంటరిగా వచ్చినవాణ్ణి వాళ్ళు "ఒహితోరిసామా" అంటారు. అంటే, ఒక్కరికే "గారు" తగిలించారన్నమాట! మన దగ్గరేమో ఒక్కడూ గ్లాసు పట్టుకుంటే దేవదాసే. 1953లో నాగేశ్వరరావు గారు తాగిన మందు ఇంకా దిగలేదు మనకి.

అక్కడంతా స్వర్గమేం కాదు. పాతకాలపు సత్రాలు, ర్యోకాన్లు, కొన్ని ఒంటిగాణ్ణి రానివ్వవు. ఏ కూరలో చేప పొడి పడిందో కనుక్కోవడానికే నా ప్రాణం పోయింది. ఒసాకాలో ఓ క్షణం, పక్కన ఎవరైనా ఉంటే బాగుణ్ణనిపించింది కూడా. అయితే ఏంటట? నలుగురిలో కూర్చున్నప్పుడు, ఒక్కణ్ణే ఉంటే బాగుణ్ణని అంతకు పదింతలు అనిపిస్తుంది. దానికెవరూ అయ్యో అనరే?

మొన్న అమ్మ ఫోను. ఒక సంబంధం వాళ్ళు వాకబు చేశారట: "అబ్బాయి ఒక్కడే జపాన్ వెళ్ళి తాగాడటగా, ఏమైనా లవ్ ఫెయిల్యూరా?" ఏం చెప్పమంటావురా అంది.

ఒకే ఒక్క గ్లాసు బీరని చెప్పమన్నా. రెండో గ్లాసు సంగతి, ఇది చదివితే వాళ్ళకే తెలుస్తుంది.