దేవతకు చెప్పిన మాట



మనసులో ఉన్నది బయటికి చెప్పుకోవడానికి మనిషికి దేవత సాయం ఎందుకు కావలసి వస్తోంది? ఈ ప్రశ్న నన్ను నలభై ఏళ్లుగా వదలడం లేదు.

నేను బి.కాం. చదివి, రక్షణ శాఖ అకౌంట్స్‌లో పనిచేసి రిటైరయ్యాను. హేతువాద సంఘంలో కొత్తగా చేరిన రోజుల్లో మా ఊరి జాతరలో మా వదినకు ఏటా పూనకం వచ్చేది. డప్పు జోరందుకోగానే జుట్టు విరబోసుకుని ఊగిపోయేది. "ఒరే, తాగుడు మానతావా, లేదా?" అని అన్నయ్యను గద్దించేది. ఆయన సాష్టాంగపడి ఒప్పుకునేవాడు. రెండు మూడు నెలలు ఇల్లు ప్రశాంతంగా ఉండేది.

ఒక ఏడు నేను మధ్యలో డప్పు ఆపించాను. ఊగడం ఆగిపోయింది. "చూశారా, దేవతా లేదు, ఏమీ లేదు" అన్నాను పదిమందిలో. వదిన తలవంచుకుని ఇంట్లోకి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆమెకు పూనకం రాలేదు. అన్నయ్య తాగుడూ ఆగలేదు. ఆమె మామూలు గొంతుతో చెబితే వినేవాళ్లు ఆ ఇంట్లో లేరు, నాతో సహా.

దేవత దిగిరాలేదన్నది ఇప్పటికీ నిజమే. కానీ ఒక పద్దు కొట్టేసేటప్పుడు దాని ఎదురు పద్దు కూడా చూడాలని నా వృత్తి నేర్పింది. ఆ రోజు నేను చూడలేదు.

రిటైరయ్యాక అబ్బాయి దగ్గర ఉందామని భిలాయి వచ్చాను. పండవానీ గాయని తీజన్ బాయి ఈ పక్కనున్న గనియారీ గ్రామంలోనే పుట్టింది. భిలాయి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం కూడా చేసింది. అప్పట్లో ఆడవాళ్లు పండవానీని కూర్చునే పాడాలి. ఆమె మగవాళ్లలా నిలబడి పాడింది. పాడినందుకు కులంవాళ్లు వెలివేశారు. అయినా మానలేదు. చేతిలోని తంబురా ఒకసారి భీముడి గద, ఒకసారి ద్రౌపది జుట్టు. ఆ కోపం, ఆ ఏడుపు చూస్తే పూనకమే అనిపిస్తుంది. కాదు. చిన్నప్పుడు తాత దగ్గర విని కంఠస్థం చేసి, ఏళ్ల తరబడి సాధన చేసి సంపాదించిన విద్య అది. 2019లో పద్మవిభూషణ్ వచ్చింది. సరస్వతి నాలుక మీద నాట్యమాడింది అనేస్తే ఆ కష్టమంతా దేవత ఖాతాలోకి పోతుంది.

కథ పురాణానిదే కావచ్చు. కానీ ఆమె తన పేరుతో, తన ఒంటితో నిలబడి చెప్పింది. మా వదినకు ఆ అవకాశం లేదు.

ఇదే ఛత్తీస్‌గఢ్‌లో ఆడవాళ్లను టోనహీ, అంటే మంత్రగత్తె, అని హింసించడాన్ని అరికట్టడానికి 2005లో చట్టం తేవలసి వచ్చింది. ఆ ముద్ర వేసినవారికి మూడేళ్ల దాకా జైలు. దేవత అయితే మొక్కుతారు, మంత్రగత్తె అయితే కొడతారు. మామూలు మనిషిగా మాట్లాడితే మాత్రం వినరు! ఈ సమాజం ఆడవాళ్లకు మిగిల్చింది ఇదేనా?

మనం పూనకాల గుట్టు విప్పడం మానక్కర్లేదు. అయితే డాక్టర్ కోవూరు కూడా దెయ్యం పట్టిందన్నవాళ్లను వెక్కిరించి ఊరుకోలేదు. కూర్చోబెట్టి, వాళ్ల లోపలున్నది బయటికి చెప్పించాడు. డప్పు ఆపించాక మనం చేయవలసిన పని అదే. "అమ్మా, ఇందాక నువ్వేమన్నావు? ఇప్పుడు నీ గొంతుతో చెప్పు, వింటాం" అనాలి.

మా వదినను నేను ఆ మాట అడగలేదు. ఇప్పుడు అడుగుదామన్నా ఆమె లేదు.