పట్టుకోడానికి రెండు సెకన్లు, వదలడానికి పది రోజులా?

"డబ్బులు కట్ అవలేదు సార్, హోల్డ్‌లో ఉన్నాయి అంతే." ఆ "అంతే" దగ్గరే ఒళ్ళు మండుతుంది. నా అకౌంట్లో ఉండి నేను వాడుకోలేని డబ్బుని ఏమనాలండీ?

వైజాగ్‌లో ఓ హోటల్‌కి రెండు రాత్రుల అద్దె 11,800 రూపాయలు ముందే కట్టేశాం. చెకిన్‌లో డిపాజిట్ పేరుతో డెబిట్ కార్డు తీసుకుని, ఆ అద్దె మొత్తాన్నే మళ్ళీ హోల్డ్ చేశారు. పొరపాటని వాళ్ళే ఒప్పుకున్నారు. ఆ తర్వాత మొదలైంది అసలు బంతాట. హోటల్‌నడిగితే "మేం వదిలేశాం, మీ బ్యాంకునడగండి". కూకట్‌పల్లి బ్రాంచిలో అడిగితే "వాళ్ళు వదల్లేదు, పైగా ఇంకా పోస్ట్ కాలేదు కాబట్టి డిస్ప్యూట్ తీసుకోం, 7 నుంచి 10 పనిదినాలు ఆగండి". ఈలోగా ఈఎంఐకి డబ్బు చాలకపోతే పెనాల్టీ వేయడానికి మాత్రం ఏ పనిదినాలూ అడ్డురావు!

పేమెంట్స్ ప్రాజెక్టుల్లో చేసినవాళ్ళు మనలో బోలెడుమంది. ఐఎస్ఓ 8583లో ఆథరైజేషన్ అడగడానికి 0100 మెసేజ్, రద్దు చేయడానికి 0400. రెండూ పోయేది ఒకే దారిలో. కాబట్టి "సిస్టమ్‌లో టైమ్ పడుతుంది సార్" అనే కథ మనకి చెప్పొద్దు. బటన్ నొక్కే మనిషి లేడు, నొక్కకపోతే ఎవడికీ నష్టం లేదు. అదీ సంగతి.

నష్టం పెడితే కదులుతారు. ఐపీఓకి అప్లై చేసినప్పుడూ మన డబ్బు ఇలాగే బ్లాక్ అవుతుందిగా. అక్కడ అన్‌బ్లాక్ ఆలస్యమైతే రోజుకి 100 రూపాయలు లేదా ఏడాదికి 15 శాతం, ఏది ఎక్కువైతే అది ఇవ్వాలని సెబీ 2021లో చెప్పింది. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబర్‌లో ఫెయిలైన లావాదేవీలకి గడువులు పెట్టింది: షాపు మెషీన్ దగ్గర డబ్బు కట్ అయి కన్ఫర్మేషన్ రాకపోతే ఐదు రోజుల్లో వెనక్కి రావాలి, దాటితే రోజుకి 100. మరి మన హోల్డ్? అది సక్సెస్ అయిన లావాదేవీ కదా, ఆ లెక్కలోకి రాదు!

డిపాజిట్ అడగడం తప్పనట్లేదు. టీవీ పగలగొట్టి పోయేవాళ్ళూ ఉంటారు. కానీ చెకౌట్ అయ్యాక ఒక్క రోజు దాటినా అదే రోజుకి 100 హోల్డ్‌కీ వర్తించాలి. హోటల్ కడుతుందో బ్యాంకు కడుతుందో వాళ్ళు వాళ్ళు తేల్చుకోనీండి.

"క్రెడిట్ కార్డు ఇస్తే పోయేదిగా" అంటారు. అప్పుడు ఇరుక్కునేది లిమిట్, జీతం కాదు, నిజమే. కానీ క్రెడిట్ కార్డు లేని మా నాన్నగారి లాంటివాళ్ళ సంగతి? ఇరుక్కుంటే మాత్రం ఆథరైజేషన్ కోడ్ వేసి, హోల్డ్ వదిలేశామని హోటల్ చేత మెయిల్ రాయించుకోండి. అది జతచేసి బ్యాంకుకి రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి పోవచ్చు, రుసుమేం లేదు.