మన విగ్రహం ఎక్కడ నిలవాలి, ఎవరు మలచాలి?

ప్రవాస ప్రాంతాల తెలుగు సంఘాల సమావేశాల్లో విగ్రహం మాట తరచూ వినిపిస్తుంటుంది. ఒక ఊళ్లో పొట్టి శ్రీరాములు, మరో ఊళ్లో శ్రీకృష్ణదేవరాయలు, ఇంకోచోట ఘంటసాల లేదా బాలు. కోరికలో తప్పేమీ లేదు. బడిలో తెలుగు తరగతి నిలబెట్టుకోవడమే కష్టంగా ఉన్న చోట, పదిమంది తిరిగే కూడలిలో మన ముఖం ఒకటి కనిపించాలనుకోవడం సహజమే. కానీ చందా పుస్తకం తెరవక ముందే మనం తేల్చుకోవాల్సినవి రెండున్నాయి. విగ్రహం నిలబడే చోటు ఎవరిది? దాన్ని మలిచేది ఎవరు? సాధారణంగా ఈ రెండూ చివరికి మిగిలిపోతాయి. ఆవిష్కరణకు ఏ మంత్రిని పిలవాలన్నదే ముందు తేలుతుంది.

మొదట చోటు సంగతి. రోడ్లపైన, కాలిబాటలపైన, ప్రజలు వాడుకునే ఇతర స్థలాల్లో కొత్త విగ్రహాలకు అనుమతి ఇవ్వవద్దని సుప్రీంకోర్టు 2013 జనవరి 18న రాష్ట్రాలను ఆదేశించింది. 2025 సెప్టెంబరులో తిరునల్వేలి జిల్లాలో కరుణానిధి విగ్రహం విషయమై తమిళనాడు ప్రభుత్వం అదే కోర్టుకు వెళ్లినా ఊరట దొరకలేదు. మాజీ నాయకుల కీర్తి కోసం ప్రజల సొమ్ము ఎందుకని కోర్టు నిలదీసింది. అధికారంలో ఉన్న పార్టీకే దొరకని అనుమతి, ఓట్ల బలం అంతగా లేని మన సంఘాలకు దొరుకుతుందని ఎలా అనుకుంటాం? కార్పొరేటర్ మాట ఇచ్చాడనో, ఎమ్మెల్యే మనవాడనో రోడ్డు మధ్య దిమ్మె కట్టేస్తే, రేపు ఎవరో ఒకరు కోర్టుకెక్కితే దాన్ని తీయక తప్పదు. అప్పుడు పోయేది డబ్బు ఒక్కటే కాదు, ఊళ్లో మన మర్యాద కూడా.

చట్టం ఒక ఎత్తయితే, ఇరుగుపొరుగు సమ్మతి మరో ఎత్తు. బెంగళూరు అల్సూరు చెరువు దగ్గరి తిరువళ్లువర్ విగ్రహం కథ కర్ణాటకలోని మనవాళ్లకు తెలిసిందే. అక్కడి తమిళులు 1991లో దాన్ని నిలబెట్టుకున్నారు. కన్నడ సంఘాల అభ్యంతరాలతో ఆవిష్కరణ ఆగిపోయింది. 18 ఏళ్లు ఆ విగ్రహం ముసుగులోనే ఉంది. చివరికి రెండు ప్రభుత్వాలూ ఒక మాట అనుకున్నాయి. 2009 ఆగస్టు 9న బెంగళూరులో తిరువళ్లువర్ ముసుగు తీశారు, నాలుగు రోజులకు చెన్నై అయనావరంలో కన్నడ కవి సర్వజ్ఞుడి విగ్రహాన్ని ఆవిష్కరించారు. ఇచ్చిపుచ్చుకోవడంతోనే ఆ చిక్కు వీడింది.

ఒకే భాష మాట్లాడేవాళ్ల మధ్య కూడా ఇది తప్పదు. హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద ఎన్టీఆర్ ప్రభుత్వ కాలంలో వరుసగా పెట్టిన విగ్రహాల్లో కొన్నింటిని 2011 మార్చి 10న మిలియన్ మార్చ్ రోజు పడగొట్టారు. విగ్రహాలను ధ్వంసం చేయడాన్ని సమర్థించలేం. అయితే ఆ వరుసలో తెలంగాణ పెద్దలకు తగిన చోటు దక్కలేదన్న బాధ అప్పటికే ఎంతోమందిలో ఉందన్నదీ నిజమే. ఎవరిని నిలబెట్టాలో కొందరే కూర్చుని తేల్చేస్తే, మిగిలినవాళ్లకు ఆ విగ్రహం పరాయిదిగానే కనిపిస్తుంది.

ఇక శిల్పి సంగతి. భాషల మధ్య గోడలు శిల్పులకు ఎప్పుడూ అడ్డం కాలేదు. చెన్నై మెరీనాలో 1959 నుంచి నిలిచి ఉన్న కార్మిక విజయ శిల్పాన్ని మలిచింది బెంగాలీ అయిన దేవీప్రసాద్ రాయ్ చౌధురి. హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ బుద్ధుణ్ణి చెక్కింది ఎస్.ఎం. గణపతి స్థపతి. అదే నగరంలో 2023లో ఆవిష్కరించిన 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహానికి రూపమిచ్చింది మహారాష్ట్రలో పుట్టిన రామ్ సుతార్. తెనాలి శిల్పులు ఇనుప తుక్కుతో చేసిన 14 అడుగుల మోదీ విగ్రహం 2021లో బెంగళూరు కోసమే తయారైంది. ఇన్ని ఊళ్లను కలిపిన ఈ చేతులను మనం మాత్రం గుర్తుపెట్టుకోం. శిలాఫలకం మీద ఆవిష్కరించినవారి పేరు, అధ్యక్షుడి పేరు, దాతల పేర్లు అన్నీ ఉంటాయి. శిల్పి పేరు ఒక్కటే ఉండదు.

ఇది మర్యాదకు సంబంధించిన లోటు మాత్రమే కాదు, పనినీ దెబ్బతీస్తుంది. కంచు విగ్రహానికి ముందు మట్టి నమూనా చేస్తారు, దాని మీద అచ్చు తీస్తారు, ఆ తర్వాత లోహం పోస్తారు. ముక్కు, నుదురు, నిలబడిన తీరు సరిదిద్దే వీలు ఉండేది మట్టి దశలోనే. కమిటీ అప్పుడు వెళ్లి చూడకుండా, పండుగలోగా కావాలని తొందరపెడితే పోలికలు రావు. ధర తగ్గించమని పట్టుబడితే కంచు ఫైబర్ అవుతుంది, ఫైబర్‌కు బంగారు రంగు పూస్తారు. కొన్నేళ్ల ఎండకూ వానకూ రంగు వెలసిపోతుంది. చెన్నై, యానాం లాంటి చోట్ల ఉప్పుగాలి తోడవుతుంది. ఆ పైన విగ్రహాన్ని చూసుకోవడానికి ఎవరూ ఉండరు.

అందుకే మా సూచనలు నాలుగు. రోడ్డు జోలికి పోకుండా సంఘం సొంత భవనం, బడి, గ్రంథాలయం, కల్యాణ మండపం ఆవరణలో, బయటివారికీ కనిపించేలా విగ్రహం పెట్టుకుందాం. ఆ ఊరి భాష పెద్దల్లో ఒకరికి కూడా పక్కనే చోటిద్దాం. శిల్పితో రాతపూర్వక ఒప్పందం చేసుకుని, నమూనా చూసే తేదీ, లోహం వివరం అందులో రాయిద్దాం. వసూలైన చందాలో కొంత నిర్వహణకని బ్యాంకులో వేద్దాం.

మరొక మాట. విగ్రహమంటే నాయకుడో సినిమా నటుడో కానక్కర్లేదు. మెరీనా శిల్పంలో ఉన్నది బండను కదిలిస్తున్న నలుగురు కూలీలు, వాళ్లకు పేర్లు లేవు. అక్కడ నిలబడి చూసేవాళ్లకు వాళ్లది ఏ భాషో తట్టదు. సోలాపూర్‌ను మగ్గంతో పెంచినవాళ్లలో మన పద్మశాలీలు ఉన్నారు. ముంబై కామాఠిపురకు ఆ పేరు వచ్చింది తెలుగు నేల నుంచి వెళ్లిన కామాఠీ కూలీల వల్లనే. కార్మిక నాయకుడై రాష్ట్రపతి దాకా ఎదిగిన వి.వి. గిరి పుట్టింది బరంపురంలో. మగ్గం ముందు కూర్చున్న ఒక నేతగత్తెను సోలాపూర్‌లో నిలబెడితే మరాఠీ పొరుగువారు అడ్డు చెబుతారా? తమ ఊరి మనిషే అనుకుంటారు. మన తాతలు ఆ ఊళ్లకు వెళ్లింది పని కోసమే కదా.