పాతబట్టయు, పరువును

జహీరాబాదు ప్రాంతమున "పాత" యను మాట తిట్టు గాదు. సంక్రాంతి దినములలో పస్తాపురము చుట్టుపట్ల పల్లెలలో ఎడ్లబండ్లపై విత్తనపు కుండలు నిలిపి, డప్పులతోను పాటలతోను ఊరూర ఊరేగించు ఉత్సవమునకు "పాత పంటల జాతర" యని పేరు. 1983లో ఆరంభమైన దక్కను డెవలప్‌మెంటు సొసైటీకి చెందిన దళిత స్త్రీల సంఘములు దీనిని ఇరువది యేండ్లకు పైబడి నడపినవి. జొన్న, కొఱ్ఱ, సామ, తైద మున్నగునవి బీదల తిండి యని పట్టణవాసులు ఒకప్పుడు మొగము చిట్లించినవే. ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరమును చిరుధాన్యముల సంవత్సరముగ ప్రకటించు నాటికి అవే ధాన్యములు నగరపు అంగళ్ళలో సన్నబియ్యమును మించిన వెలకు అమ్ముడుపోవుచుండెను. తిండి విషయమున తలక్రిందులైన పరువు బట్ట విషయమున మాత్రమేల కదలకున్నది? పాత విత్తును నెత్తిన బెట్టుకొని ఊరేగిన సీమలో ఒకరు కట్టి విడిచిన బట్టను మఱియొకరు కొని కట్టుట యేల తలవంపు కావలెను?

పాతబట్ట మనకు పరాయిది గాదు. పురిటిబిడ్డకు మొట్టమొదట చుట్టునది పలుమారులుతికి మెత్తబడిన పాతచీర ముక్క. అవ్వల చీరలు, తాతల ధోవతులు పొరలు పొరలుగ పఱచి కుట్టిన బొంతలు తెలంగాణపు పల్లెలలో నిన్న మొన్నటివరకు ఇంటింట నుండెడివి. అన్న చొక్కా తమ్మునికి, తల్లి పట్టుచీర కూతునకు వచ్చినప్పుడు ఎవరును చిన్నతనముగ నెంచలేదు. గడప దాటినంతనే అదే బట్ట మైలపడుచున్నది! స్టీలు సామానుల గంప నెత్తిన బెట్టుకొని వచ్చిన స్త్రీకి నాలుగు చీరలిచ్చి, గీచి గీచి బేరమాడి, ఒక గిన్నె పుచ్చుకొను ఇల్లాలు ఆ చీరలు ఎక్కడికి పోవునని అడుగదు. అవి ఉతుకబడి, చినుగులు కుట్టబడి, ఇస్త్రీ చేయబడి, హైదరాబాదు జుమ్మెరాత్ బజారు వంటి సంతలకు చేరి మరల మన దేశస్థుల ఒంటికే వచ్చుచున్నవి. వారు చాటుగ కొనుచున్నారు, మనము చాటుగ విడుచుచున్నాము.

పఠనమందిరములలో ఈ పుటను చదువు సోదరుల నొక్కమాట అడుగుదుము. నూర్గురి చేతులు మారిన గ్రంథాలయ పుస్తకమును మీరు ఒడిలో బెట్టుకొని చదువుచున్నారు. అద్దె షేర్వాణీ తొడిగి గుఱ్ఱమెక్కిన పెండ్లికుమారుని చూచి నవ్వినవారెవరు? ఆ షేర్వాణీ ఆ యేడాది ఎందరు పెండ్లికుమారుల చెమటను చూచినదో అద్దెకొట్టువానికే ఎఱుక! శుచియే ప్రశ్న యైనచో వేడినీట ఉడికించి ఎండలో ఆరవేసిన బట్టకు వచ్చిన మైల యేమి? ఆటంకము శుచి గాదు, పరువు.

ఈ పరువునకు చెల్లించు వెల యెంతయో చూడుడు. ఒక్క నూలు చొక్కా తయారగుటకు పత్తిచేను మొదలు అద్దకము వరకు సుమారు 2,700 లీటర్ల నీరు పట్టునని అంచనా. మన సంగారెడ్డి జిల్లాలో ఆ పత్తిని పండించువారిలో ననేకులు మబ్బువంక చూచు మెట్టరైతులే. వారి చెమటతో, ఆ నీటితో పుట్టిన చొక్కాను రెండు మాసములకే విసరివేయుట ఏ నాగరికత? ఇక పాలిస్టరు సంగతి వేఱు. అది రాతినూనెనుండి పుట్టినది, మట్టిలో కలియనిది. మన దేశము తనకు వలయు ముడినూనెలో నూటికి ఎనుబది పాళ్ళకు పైగ విదేశములనుండి తెచ్చుకొనుచున్నది. మిల్లు సూరతులో నున్నంతమాత్రమున ఆ చొక్కా స్వదేశీ యగునా? స్వదేశీ యనగా బట్ట యెక్కడ నేయబడినదను ప్రశ్న మాత్రమే కాదు, ఎంతకాలము కట్టబడినదను ప్రశ్న కూడ.

మా వాదమునకు ఎదురు నిలుచు మాట యొకటి గలదు. అది ధనికుల నోటి మాట కాదు గనుక దానిని తేలికగ త్రోసివేయ వీలులేదు. మనుస్మృతి పదవ అధ్యాయము సేవచేయు శూద్రునకు ఎంగిలి యన్నమును, జీర్ణవస్త్రములను ఈయవలెనని విధించినది. పుస్తకములో నున్నది పుస్తకములోనే యుండిపోలేదు. దొర గడీలో వెట్టిచేసిన వానికి పండుగనాడు దక్కిన చినిగిన ధోవతి ఆ విధికి వ్యాఖ్యానమే. 1927 డిసెంబరులో మహాడ్ నందు అంబేడ్కరు స్త్రీల నుద్దేశించి, తమ కులమును చాటు కట్టుబాట్లను విడిచి తక్కిన స్త్రీలవలె బట్ట కట్టుడని చెప్పెను. తరతరములుగ విడుపుబట్టలే కట్టవలసి వచ్చిన ఇంటి బిడ్డ నేడు పెట్టె విప్పిన క్రొత్త చొక్కాకై ఆశపడినచో, "నీరు వృథా యగుచున్నది నాయనా" యని వానికి పాఠము చెప్పు అధికారము ఎవరికిని లేదు. మాకసలే లేదు.

కావుననే ఈ పిలుపు అతనికి గాదు. బీరువా తలుపు మూయ వీలుగాని ఇంటివారికి.

ఈ తగవు క్రొత్తది గాదు. 1921 ఏప్రిలులో బెజవాడ కాంగ్రెసు సభ 20 లక్షల రాట్నములు తిరుగవలెనని తీర్మానించిన నాలుగు మాసములకే, జూలై 31న బొంబాయిలో విదేశవస్త్రముల గుట్టకు గాంధీజీ నిప్పుపెట్టెను. బట్ట లేనివారుండగా బట్టను కాల్చుటెట్లని రవీంద్రనాథ ఠాకూరు ప్రశ్నించెను. బట్ట లేనివానికి కావలసినది పనియనియు, పని యీయక విడుపుబట్ట నిచ్చుట వానిని అవమానించుటే యనియు గాంధీజీ అక్టోబరులో బదులు చెప్పెను. కాల్చుటలో ఠాకూరు పక్షమున న్యాయమున్నదని మా యభిప్రాయము. దానము మాటలో గాంధీజీదే పైచేయి. నూరేండ్ల తరువాత 2017లో తెలంగాణ ప్రభుత్వము సిరిసిల్ల మరమగ్గముల పాలిస్టరు చీరలను బతుకమ్మ కానుకగ పంచినప్పుడు, కొన్నిచోట్ల స్త్రీలు వానిని వీథిలో తగులబెట్టిరి. అవి క్రొత్త చీరలే! అవమానము బట్ట వయస్సులో లేదు, ఇచ్చు చేతి యెత్తులో నున్నది.

ఈ కీలకమును గ్రహించినవారు లేకపోలేదు. 1999లో ఢిల్లీలో అంశు గుప్తా స్థాపించిన గూంజ్ సంస్థ పట్టణముల పాతబట్టలను పల్లెలకు చేర్చును, కాని ఊరక పంచదు. ఊరివారు బావి త్రవ్వుకొని, బాట వేసికొని, చెఱువు బాగుచేసికొని ఆ పనికి ప్రతిఫలముగ బట్టలు పుచ్చుకొందురు. 2015లో ఆయనకు మెగసేసే బహుమానము వచ్చినది. పనికి కూలి రొక్కముగనే ముట్టవలెనను వాదము మాకును సమ్మతమే. అయినను భిక్షను ప్రతిఫలముగ మార్చిన ఆ మెలకువ మెచ్చదగినది.

నేతగాని గతి యేమని కొందఱడుగుదురు. నేతగాని కడుపు కొట్టినది పాతచీర కాదు, అతని అంచును అచ్చుగ్రుద్ది నాలుగవ వంతు వెలకమ్ము మిల్లు నకలు. పదియేండ్లు నిలుచు పొందూరు ఖద్దరును, నారాయణపేట చీరను ఒక్కటి కొని, కట్టి, మంచి స్థితిలో మఱియొకరికి అమ్మువాడు నేతకు చేసిన మేలు, ఏటేట పది పాలిస్టరు చీరలు కొనువాడు ఎన్నడును చేయలేడు. తిరిగి అమ్ముడగు బట్టకే మొదట మంచి వెల పెట్టుటకు జనము వెనుదీయరు.

అయితే పాతబట్ట యన్న పేరుతో పశ్చిమదేశముల మూటలకు తలుపు తీయుమని మేమనుట లేదు. ధనికదేశములు విడిచిన బట్ట గానా రాజధాని అక్రాలో కాంటామాంటో సంతకు మూటలు మూటలుగ దిగి, చెల్లనిది సముద్రపు ఒడ్డున పేరుకొనుచున్నది. తమ నేతపనిని నిలుపుకొనుటకై ఆ మూటలపై సుంకము పెంచిన రువాండాకు, అమెరికా 2018లో తన దేశమున బట్టలకిచ్చు సుంకపు మినహాయింపును నిలిపివేసెను. విడుపుబట్ట పుచ్చుకొననన్నందుకు శిక్ష! దొరగారి ధోవతి కథయే ఖండాంతరముల కెక్కినది. మన దేశమున లైసెన్సు లేనిదే పాతబట్ట దిగుమతి కారాదు. కాండ్లా ప్రత్యేక మండలమున మూటలు విప్పి, ఏరి, చాలభాగము మరల ఎగుమతి చేయుదురు, చించిన పేలికలు పానిపట్టు కంబళ్ళ మిల్లులకు పోవును. ఏ వర్తక ఒడంబడికలోనైనను ఈ కట్టడిని సడలించుటకు ఢిల్లీ ప్రభుత్వము ఒప్పుకొనరాదు.

జహీరాబాదునకు మేము కోరునది స్వల్పము. తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ కలగలిసి వినవచ్చు ఈ బాటకూడలి పట్టణమున, వారపు సంతలో పురపాలకసంఘము ఒక నీడగల పాక వేయించి పాతబట్టల అంగళ్ళకీయవలెను. వీథులు తిరిగి బట్టలు సేకరించు స్త్రీలకే ఆ చోటు మొదట దక్కవలెను. ఉతుకుటకు నీరు, ఆరవేయుటకు ఎండగల స్థలము చూపవలెను. అక్కడ "దానము" అను మాట పలుకగూడదు. ఇచ్చువానికి వెల ముట్టవలెను, కొనువాడు వెల చెల్లింపవలెను. మొదటి గిరాకీలు వకీళ్ళు, ఉపాధ్యాయులు, దుకాణదారులు కావలెను. కొన్న చొక్కాను ఇంటిలో దాచక సభలకు, పెండ్లిండ్లకు తొడిగి రావలెను. ఒక హెచ్చరిక మాత్రము మానజాలము. నగరపు వేడుకకొట్లలో పాతచొక్కా అపుడే క్రొత్తదాని వెలకు ఎగబ్రాకుచున్నది. జొన్నకు పట్టిన గతి దీనికి పట్టకుండ, చేతిలో వంద రూపాయలున్న కూలివానికి గూడ అందునట్లు ఆ పాకలోని వెలలను సంఘము పలకపై వ్రాసి కట్టించవలెను.