‘కంప తప్ప ఏముంది?’

మొన్న మేం మహానంది వెళ్ళొచ్చాక ఫ్రెండొకడు కోనేటి నీళ్ళ మీద, వెనకున్న నల్లమల పచ్చదనం మీద కవిత రాశాడు. బాగుంది. తిరుగుదారిలో కడప వైపు వచ్చాం కదా, లంకమల అంచుల గురించి ఒక్క ముక్కైనా రాయవా అనడిగాను. "అక్కడేముందిరా, కంప తప్ప" అన్నాడు. నా గొడవంతా ఆ మాటతోనే.

ఆ కంపే కలివికోడి ఇల్లు. కలివి పొదల్లో తిరుగుతుంది కాబట్టి ఆ పేరు. జానెడుకి కాస్త పెద్ద పిట్ట, ఎద మీద రెండు పట్టీలు. పగలు దాక్కుని రాత్రుళ్ళు పురుగులు ఏరుకుంటుంది. 1900 తర్వాత శాస్త్రవేత్తలెవరికీ కనబడలేదు, అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లె ఐతన్న ఓ రాత్రి టార్చి వెలుగులో దాన్ని పట్టుకున్నాడు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు వెతుకుతున్నది దాన్నే. 1988లో లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది.

తర్వాత తెలుగుగంగ కాలవ ఆ పొదల మీదికొచ్చింది. "సీమకి నీళ్ళా, పిట్టా?" అని అడుగుతారు. నీళ్ళే కావాలి. బావుల మీద బావులు తవ్వించి అప్పులపాలైన తాతకి మనవణ్ణి నేను, కాలవ వద్దనే ధైర్యం నాకు లేదు. కానీ ఆ ప్రశ్న ఒక సంగతి దాస్తుంది: అభ్యంతరాలొచ్చాక కాలవ దారి మార్చారు. మార్చగలిగారు. ముందే ఎందుకు మార్చలేదంటే, అక్కడ ‘ఏమీ లేదు’ కాబట్టి.

ఈ ‘ఏమీ లేదు’ని ఆఫీసు కాయితాలే కాదు, మన సాహిత్యమూ పెంచి పోషించింది. మనకి ప్రకృతి అంటే పచ్చదనం, జలపాతం. ముళ్ళపొద అంటే కరువుకి గుర్తు, అంతే. కలివికోడి మాత్రం దట్టమైన అడవిలోనూ బతకదు, దున్నిన చేలోనూ బతకదు. పొదకీ పొదకీ మధ్య ఖాళీ నేల ఉండాలి. పచ్చగా చేద్దామని అక్కడ వరసగా చెట్లు నాటినా దాని కొంప మునిగినట్టే.

మా ఉద్యోగంలో, ఎందుకుందో తెలియని కోడ్‌ని వేస్టు అని చెరిపేయబోయే కుర్రాణ్ణి ఆపుతాం. ముందు కనుక్కో, తర్వాత తీసెయ్ అంటాం. కవులనీ అదే అడుగుతున్నాను. ఈసారి లంకమల దారిలో కారు ఆపండి. ఆ కంపలో నాలుగు మొక్కల పేర్లు ఊరివాళ్ళనడిగి తెలుసుకోండి. బీడని రాయాలో వద్దో ఆ తర్వాత చూద్దాం.