నిప్పు ఆరిన తరువాత

కూడు, గుడ్డ, గూడు - ఈ మూడింటిని మానవుని ప్రాథమికావసరాలుగా పెద్దలు పేర్కొన్నారు. ఒక కారు పంట పోయినా మరుసటి కారుపై ఆశ మిగులుతుంది. బట్ట చినిగితే మారుబట్ట దొరుకుతుంది. కానీ గూడు కాలిపోతే మిగిలిన రెండూ దానితోనే పోతాయి. బస్తాలోని గింజలూ, పెట్టెలోని బట్టలూ ఒకే మంటకు ఆహుతి అవుతాయి. ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు. ఒకసారి కట్టడమే అంతటి పరీక్ష అయితే, కట్టినదంతా బూడిద అయ్యాక మళ్లీ మొదలుపెట్టడం ఎంతటి పరీక్షో చెప్పనవసరం లేదు. అయినా అగ్నిప్రమాదాన్ని సమాజం ఒక రాత్రి జరిగిన సంఘటనగానే చూస్తుంది. బాధిత కుటుంబానికి అది కొన్ని సంవత్సరాల జీవితం.

కామారెడ్డి జిల్లాలోని బాన్సువాడ వంటి పట్టణాన్ని చూస్తే ఈ విషయం తేటతెల్లమవుతుంది. మంజీర నదిపై 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీటితో చుట్టుపక్కల వరి పొలాలు పచ్చబడ్డాయి. 2018లో ఈ ఊరు పురపాలక సంఘమయింది. ఇక్కడ పెంకుటిళ్లు, రేకుల ఇళ్లు, గల్ఫ్ సంపాదనతో కట్టుకున్న డాబాలు, కొత్తగా లేచిన అంతస్తుల భవనాలు పక్కపక్కనే కనిపిస్తాయి. ఈ ప్రాంతంలో ఎందరో స్త్రీలకు ఇల్లే పనిచేసే చోటు. కార్ఖానా నుండి తునికాకు, తంబాకు తెచ్చుకొని, ఒడిలో చాట పెట్టుకొని, ఇంటి అరుగుమీదే బీడీలు చుడతారు. అలాంటి ఇల్లు కాలితే నిలువనీడతో పాటు ఆ పూట కూలి కూడా పోతుంది. కాలిన ఆకుకూ తంబాకుకూ లెక్క చెప్పవలసిన బాధ్యత మాత్రం మిగిలే ఉంటుంది.

మంట లేచిన రాత్రి ఊరంతా కదులుతుంది. ఎవరి పేరూ అడగకుండా బిందెలు చేతులు మారతాయి. తెల్లవారేసరికి ఒకరు బియ్యం, ఒకరు దుప్పటి, ఒకరు వంటపాత్రలు తెచ్చిపెడతారు. తెలుగునాట ఈ గుణానికి కొదువ లేదు. అయితే ఆ సానుభూతికి ఆయుష్షు తక్కువ. వారం గడిచేసరికి పరామర్శలు పలచబడతాయి. చుట్టాల ఇంట్లో ఆశ్రయం పొందిన కుటుంబం పది రోజులకే తన ఉనికి భారమవుతున్నదని గ్రహిస్తుంది. అసలైన కష్టం సరిగ్గా అప్పుడే మొదలవుతుంది.

మొదటి కష్టం కాగితాలది. ఇంటితో పాటు ఆధార్ కార్డు, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, ఇంటి దస్తావేజు, పిల్లల పదవ తరగతి మెమోలు కాలిపోతాయి. ఇవన్నీ తిరిగి పొందదగినవే. దస్తావేజు నకలు సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో దొరుకుతుంది; మెమో నకలును పరీక్షల బోర్డు ఇస్తుంది. కాలి పెళుసుబారిన కరెన్సీ నోట్లను సాధారణ బ్యాంకు శాఖలు తీసుకోవు గాని, రిజర్వు బ్యాంకు కార్యాలయంలో సమర్పిస్తే పరిశీలించి నిబంధనల మేరకు విలువ చెల్లిస్తారు. ఈ సంగతి తెలియక, తాము కూడబెట్టిన సొమ్మును మసిగా భావించి ఊడ్చిపారేసేవారుంటారు. తెలిసినవారికి కూడా దారి సులభం కాదు. ఒక పత్రం కావాలంటే మరొక పత్రం చూపాలి. ఆ మరొకటి కూడా కాలిపోయే ఉంటుంది. రోజుకూలి మానుకొని కార్యాలయాల చుట్టూ తిరిగే ప్రతి దినమూ ఆ కుటుంబానికి మరొక నష్టమే.

ఈ వివరాలన్నీ ప్రభుత్వ కార్యాలయాల రికార్డులలో భద్రంగానే ఉన్నాయి. అలాంటప్పుడు బాధితుడు పది గడపలు ఎక్కడం కంటె, ఆ పది కార్యాలయాల వారు ఒకనాడు ఒకచోట కూర్చోవడం న్యాయం. ఇది అసాధ్యమేమీ కాదు. 2018 వరదల తరువాత కేరళలో ప్రత్యేక అదాలత్‌లు నిర్వహించి, ప్రజలు పోగొట్టుకున్న పత్రాలను తిరిగి అందజేశారు. వేల కుటుంబాలకు చేయగలిగిన పని ఒక్క కుటుంబానికి చేయలేమనడం సమంజసం కాదు. ఊరంతా మునిగితేనే విపత్తు, ఒక్క ఇల్లు కాలితే దురదృష్టం అనే భావన మారాలి.

రెండవ కష్టం పరిహారానిది. అగ్నిప్రమాదం కూడా విపత్తు సహాయ నిధి కింద గుర్తించిన విపత్తులలో ఒకటి. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన ప్రమాణాల ప్రకారం మైదాన ప్రాంతంలో పూర్తిగా ధ్వంసమైన ఇంటికి 1,20,000 రూపాయలు, గుడిసెకు 8,000 రూపాయలు సహాయంగా నిర్ణయించారు. బట్టలకు 2,500, వంటపాత్రలకు 2,500 రూపాయలు అదనం. ఈ అంకెల వెనుక ఉన్న తర్కం పోయిన కట్టడం విలువను కొలవడం. కట్టడానికి విలువ తక్కువ గనుక గుడిసెకు తక్కువ. కానీ గుడిసెలో బ్రతికేవాడికి బ్యాంకులో నిల్వ ఉండదు, తాకట్టు పెట్టడానికి బంగారం ఉండదు, చేబదులిచ్చే చుట్టం ఉండడు. తిరిగి లేవడానికి ఎవరికి ఎక్కువ చేయూత కావాలో వారికే అతి తక్కువ అందుతున్నది. పోయినదాని ఖరీదును బట్టి కాక, తిరిగి నిలబడడానికి కావలసినదాన్ని బట్టి సహాయం నిర్ణయించాలి.

ప్రతి నష్టాన్నీ ప్రభుత్వమే భరిస్తే ఖజానా చాలదని కొందరంటారు. ఆ మాటలో కొంత నిజముంది. అయితే పేదలకు ఇళ్లు కట్టించే పథకాలు ఈ రాష్ట్రంలో ఉండనే ఉన్నాయి. 2024లో తెలంగాణలో ప్రారంభమైన ఇందిరమ్మ ఇళ్ల పథకం సొంత స్థలమున్న పేదకు 5 లక్షల రూపాయలు సమకూరుస్తుంది. అటువంటి పథకాల జాబితాలో ఇల్లు కాలిన పేద కుటుంబాన్ని ముందు వరుసలో నిలపడానికి కొత్త ఖజానా అక్కరలేదు. కొంచెం వివేకం చాలు.

పక్కా ఇల్లు ఉన్నవారు కూడా తమకీ బాధ లేదని నిశ్చింతగా ఉండరాదు. 2023 నవంబరు 13న హైదరాబాదులోని నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఒక అపార్టుమెంటు అగ్నికి ఆహుతయింది. కింది భాగంలో నిలువ చేసిన రసాయనాల డ్రమ్ములకు నిప్పంటుకోగా, పై అంతస్తులలో నివసించేవారిలో కనీసం తొమ్మిదిమంది మరణించారు. అంతస్తుల ఇంట్లో ఒకరి నిర్లక్ష్యం అందరి పైకప్పునూ కాల్చగలదు. సంపన్న దేశాలకు సైతం ఈ విషయంలో మినహాయింపు లేదు. 2017 జూన్ 14న లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ కాలి 72 మంది మరణించారు. ఏడాది గడిచినా ఎన్నో కుటుంబాలు తాత్కాలిక నివాసాలలోనే గడపవలసి వచ్చింది.

ఇల్లు కాలుతుండగా బావి తవ్వడం మొదలుపెడితే ప్రయోజనం లేదని సామెత. కాబట్టి ముందుచూపు అవసరం. 2021 ఏప్రిల్ నుండి 'భారత్ గృహ రక్ష' పేరిట ప్రామాణికమైన ఇంటి బీమా అమలులోకి వచ్చింది. ఇంటితో పాటు ఇంటిలోని సామగ్రికి కూడా అది కొంతవరకు రక్షణ కల్పిస్తుంది. ముఖ్యమైన పత్రాలను డిజీలాకర్‌లో భద్రపరచుకోవచ్చు. నకళ్లను ఒక బంధువు ఇంట ఉంచవచ్చు. వీటికయ్యే శ్రమ స్వల్పం, కలిగే మేలు అపారం.

చదువుకున్న యువత చేయగలిగిన పని కూడా ఒకటుంది. బియ్యం, బట్టలు ఇచ్చేవారు చాలామంది ఉంటారు. దరఖాస్తు రాసిపెట్టేవారు, తహసీల్దారు కార్యాలయానికి తోడు వెళ్లేవారు, పరీక్షలు దగ్గరపడిన పిల్లవాడికి తమ నోటుపుస్తకాలు ఇచ్చేవారు తక్కువ. ఇల్లు కాలిన నెల తరువాత ఆ కుటుంబాన్ని పలకరించి, ఏ కాగితం రాలేదో, ఏ పని ఆగిపోయిందో అడగడం మొదటిరోజు ఇచ్చిన దుప్పటి కంటె విలువైన సాయం.

మంటలార్పడం అగ్నిమాపక దళం పని. అది కొన్ని గంటలలో ముగుస్తుంది. మనిషిని తిరిగి నిలబెట్టడం ఊరి పని. ఆ కుటుంబం తన సొంత పొయ్యి మీద మళ్లీ వండుకొని, సాయం చేసినవారిలో ఒకరిని భోజనానికి పిలవగలిగిన నాడే ఆ పని పూర్తయినట్లు లెక్క.